కర్రెగుండ్ల క్రాసులో అరటిగెల

రాయచూరు నుంచి లింగసూగూరు పోయే దారిలో, ఊరు అయిపోయి చేలు మొదలవుదామా వద్దా అని తటపటాయించే చోట కర్రెగుండ్ల క్రాసు ఉంది. ఒకప్పుడు అక్కడ నల్లటి బండలు, వాటి మీద నాలుగు మేకలు తప్ప ఇంకేమీ ఉండేవి కావు. బండలు పగలగొట్టి లేఔటు వేశారు. లేఔటులో ఇళ్ళ కంటే ముందు హోటళ్ళు లేచాయి. మనిషి అద్దె ఇంట్లోనైనా బతుకుతాడు గాని మిర్చిబజ్జీ లేకుండా బతకలేడని ఈ జిల్లావాళ్ళకు వేరే చెప్పాలా!

ఆ లేఔటు వీధి మొదట్లోనే పంపాపతి పాన్‌డబ్బా. పాన్ ఏదో ఉందంటే ఉంది గాని, పంపాపతి పేరు పాకింది పాన్ వల్ల కాదు. క్రాసులో ఎవరు ఏం తినాలన్నా ముందు ఆయన్నడగాలి.

"అన్నా, ఈడ తినడానికి ఏది మంచిగుంటది?" అని కొత్తవాళ్ళెవరైనా అడిగితే పంపాపతికి జాలేసేది. అది పసిపిల్లల ప్రశ్న. పొద్దున భీమేశ్ బండి దగ్గర మండాళ్ళ ఒగ్గరణి, అదే మరమరాల తాలింపు, పక్కన మిర్చి. మధ్యాహ్నం హుచ్చమ్మ ఖానావళి అనే పూటకూళ్ళ ఇంట్లో జొన్నరొట్టె, నూనెవంకాయ. సాయంత్రం బేకరీలో జిలేబీ. రాత్రికి బైపాసు దాబాలో మటన్. నాలికున్న ఎవడైనా చెప్పగలడు ఈ మాత్రం. అసలు తెలిసినవాళ్ళు అడిగే ప్రశ్న వేరు. వాళ్ళు గొంతు తగ్గించి, "అన్నా, ఇప్పుడు ఆడ ఎవరున్నరు?" అని అడుగుతారు.

ఎందుకంటే, ఊళ్ళో తినగలిగినవాడు ఇంత దూరం రాడు. ఇక్కడికి వచ్చేవాళ్ళంతా ఊళ్ళో తినకూడనివాళ్ళే. సోమవారం నీసు ముట్టనివాళ్ళు దాబాకు సోమవారమే వస్తారు, మిగతా రోజుల్లో ఇంట్లోనే దొరుకుతుంది కాబట్టి. షుగరు డాక్టరు బేకరీ వెనకగదిలో జిలేబీ నములుతుంటే, ఆయన పేషెంటు ముందుగదిలో జిలేబీ నములుతుంటాడు. ఇద్దరికీ నడుమ ఉండేవి రెండే, ఒక కర్టెను, ఒక పంపాపతి. మామకూ అల్లుడికీ, అత్తకూ కోడలికీ, పూజారికీ ధర్మకర్తకూ ఒకే బల్ల మీద వేర్వేరు పూటలు కేటాయించి, ఎవరి ఇజ్జతు వాళ్ళకు మిగిల్చిన ఘనత ఆయనది.

అందుకు ఆయన వాడే సరంజామా ఒక అరటిగెల. డబ్బా చూరుకు రెండు కొక్కేలున్నాయి. గెల రోడ్డువైపు కొక్కేనికి వేలాడితే దారి ఖాళీ, బేఫికర్‌గా రావచ్చు. వీధివైపు కొక్కేనికి వేలాడితే లోపల మీవాళ్ళెవరో ఉన్నారు, కాసేపు ఆగమని అర్థం. రోజుకు ఇన్నిసార్లు ఈ మనిషి గెలను అటూ ఇటూ ఎందుకు మారుస్తాడా అని తెలియనివాళ్ళు అనుకునేవాళ్ళు. ఎండ తగలకుండా కాబోలని వాళ్ళే సర్దుకునేవాళ్ళు.

పంపాపతి పెట్టుకున్న కట్టుబాట్లు మూడు. చూసింది చెప్పకూడదు. లోపలికి తొంగిచూడకూడదు, చూస్తే ఎప్పుడో ఒకప్పుడు నోరు జారుతుంది. మూడోది, తను మాత్రం బయట తినకూడదు. ఈ మూడోదాని గురించి ఆయన వినేవాళ్ళుంటే చాలు, గంటసేపు చెప్పేవాడు.

"బయట తినేటోళ్ళకు ఇంట్ల ఏదో ఒక కొదవ ఉంటది," అనేవాడు మీసం సవరించుకుంటూ. "నాకేం కొదవ? ఒంటిగంట కొట్టంగనే మా సుమంగళ డబ్బ తెస్తది. నూనెవంకాయ చేసిందంటే సార్, తొడిమె గూడ చీరి వండుతది. లోపలి దాక మసాల దిగాల్నంటది. తొడిమె చీరి వండే ఆడమనిషిని ఈ జిల్లల ఇంకొకర్ని చూపియ్యిండ్రి, నేను మీసం తీస్త."

పంపాపతి ఇల్లు డబ్బా వెనక వరుసలోనే ఉంది. సుమంగళ ఇంట్లో జాకెట్లు కుట్టేది. శ్రావణం దగ్గరపడితే మిషను దగ్గర్నుంచి తల ఎత్తే తీరిక ఉండదు. అయినా మధ్యాహ్నానికి మూతకు సొట్టపడ్డ స్టీలుడబ్బా వేడివేడిగా రాకపోవడమన్నది లేదు. ఎప్పుడు కుడుతుందో ఎప్పుడు వండుతుందో ఆ మహాతల్లికే తెలియాలి.

ఇదంతా ఇలా సాగుతుండగా, తొలి ఏకాదశి వెళ్ళిన మర్నాడు వాదిరాజ్ సారు బస్సు దిగాడు.

పదకొండు గంటల సిటీ బస్సు వెళ్ళిపోయాక, తెల్లపంచె, నుదుట నల్లని నిలువుగీత, చంకలో గుడ్డసంచితో ఒక పెద్దమనిషి వీధి మొదట్లో నిలబడి ఉన్నాడు. వీధిలోకి రెండడుగులు వేస్తాడు, ఒకడుగు వెనక్కి తీస్తాడు. కండువాతో మొహం తుడుచుకుంటాడు. మళ్ళీ వీధివైపు చూస్తాడు. ఆ అడుగులు పంపాపతికి కొత్త కాదు. తినాలని ప్రాణం లాగుతూ, ఎవరన్నా చూస్తారేమోనని బెదిరేవాళ్ళు అచ్చం అట్లాగే నడుస్తారు.

మనిషిని గుర్తుపట్టాక మాత్రం పంపాపతికి నోట్లో వక్క అడ్డం పడింది. వాదిరాజ్ సారంటే హైస్కూల్లో సంస్కృతం చెప్పి రిటైరైన మనిషి. మఠంలో పెద్దపీట. తొలి ఏకాదశి నుంచి నెల్లాళ్ళు వాళ్ళకు శాకవ్రతం. ఆ నెలంతా కూరగాయన్నది ఇంట్లోకి రాదు. చింతపండు లేదు, మిరపకాయ లేదు. పెసరపప్పు, మిరియాలు, ఎండుమామిడి ముక్కలు, వీటితోనే నెల గడవాలి. లోకంలో జనం కోడికోసం, మేకకోసం దొంగచాటుగా వస్తారు. పాపం ఈ మఠంవాళ్ళకు ఈ నెలలో వంకాయ కూడా పాపమే.

పాపమంటే సారు ఇంట్లో నిజంగానే పాపం. కిందటేడు ఇదే నెలలో ఆయన కొడుకు జయతీర్థ బజారులో మిర్చిబజ్జీ తింటూ దొరికిపోయాడు. సారు మఠం వాకిట్లో, నలుగురూ వింటుండగా, "నాలిక అదుపుల లేనోనికి నా ఇంట్ల పీట లేదు" అనేశాడు. పీట లేదంటే కూర్చుని తినే చోటు లేదని. కొడుకుకూ పౌరుషం తక్కువేమీ కాదు. భార్య మేఘను వెంటబెట్టుకుని వచ్చి ఈ లేఔటులోనే చివరి వరుసలో అద్దెకు దిగాడు. ఏడాదయింది. తండ్రి మాట వెనక్కి తీసుకోలేదు, కొడుకు గడప తొక్కలేదు.

అట్లాంటి మనిషి ఇప్పుడు హుచ్చమ్మ వీధి మొదట్లో నిలబడి గుటకలు మింగుతున్నాడు! పంపాపతికి నవ్వొచ్చింది, దాని వెనకే గౌరవమూ వచ్చింది. ఇంత పెద్ద చేప తన వలలో ఎన్నడూ పడలేదు.

"సార్, ఫికర్ చెయ్యకుండ్రి," అన్నాడు పంపాపతి, పెదవులు కదపకుండా. "లోపల ఎవ్వరు లేరు. ఎడమదిక్కు మూడో తలుపు. నూనెవంకాయ ఇప్పుడే దించింది."

సారు ఏదో అడగబోయినట్టు నోరు తెరిచాడు.

"ఏమి చెప్పకుండ్రి. నేను అడగ, మీరు చెప్పకుండ్రి. పోండ్రి, కూసోండ్రి."

సారు ఆ చివరి వరుస వైపు ఒకసారి చూశాడు. పంపాపతి చెయ్యి చూపించిన తలుపు వైపు ఒకసారి చూశాడు. అప్పుడే లోపల్నుంచి వేయించిన గురెళ్ళ, అదే వెర్రినువ్వుల పొడి వాసన, నువ్వుల నూనెలో మగ్గిన వంకాయ వాసన గాలితో కలిసి వీధి మొదటికి వచ్చాయి. నెల్లాళ్ళూ పెసరపప్పేనని తెలిసిన ముక్కు ఆ వాసనకు ఏం జవాబు చెప్పగలదు? సారు తల వంచుకుని లోపలికి వెళ్ళాడు. కాసేపటికి మూతి తుడుచుకుంటూ వచ్చి బస్సెక్కాడు. రెండు రోజుల తర్వాత మళ్ళీ వచ్చాడు. ఆ తర్వాత అలవాటైపోయింది. ఖానావళి వంటలో ఉల్లి, వెల్లుల్లి సంగతి ఆయన ఎత్తలేదు, పంపాపతీ ఎత్తలేదు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, అదే ఖానావళికి ఒంటిగంటకు జయతీర్థ వస్తాడు. మేఘ బళ్ళో టీచరు, మధ్యాహ్నం ఇంట్లో ఉండదు. మోటార్ల దుకాణం పని మీద తిరిగే ఈ పిల్లగాడికి హుచ్చమ్మ రొట్టే దిక్కు. అంటే, ఒకే బల్ల మీద, ఒకే మూల, పదకొండింటికి తండ్రి, ఒంటిగంటకు కొడుకు. ఇది చాలదన్నట్టు బుధవారం సాయంత్రాలు ఆటోలో ఇంకొకరు దిగేవాళ్ళు. పమిట నిండుగా కప్పుకుని, "రెండు వంకాయలు పార్సిల్ తెప్పియ్యి నాయనా, రొట్టె వద్దు," అని చెప్పి, ఆటోలోనే కూర్చుని తినేసి, చెయ్యి కడుక్కుని వెళ్ళేది రామాబాయి. ఆమె వాదిరాజ్ సారు భార్య. ఆ ఇంట్లో వ్రతం నడిపించేది ఆమెనే.

ఒక ఇంటి మనుషులు ముగ్గురు, ముగ్గురికీ తెలియకుండా ముగ్గురూ. పంపాపతి బతుకులో ఇంత పెద్ద పరీక్ష ఎన్నడూ రాలేదు. తండ్రీకొడుకులు ఆ బల్ల దగ్గర ఎదురుపడ్డారంటే ఏమవుతుంది? బజ్జీ తిన్నందుకు కొడుకును వెళ్ళగొట్టిన తండ్రి చేతిలో వంకాయ! కొడుకు ఊరుకుంటాడా? నలుగురిలో నాలుగు మాటలు అననే అంటాడు. ఆ ముసలాయన తలెత్తుకోగలడా? ఆ ఇల్లు మళ్ళీ కలిసే ఆశ ఏ మూలనైనా ఉంటే అది కాస్తా మంట్లో కలుస్తుంది. దాంతోపాటు పంపాపతి పేరూ కలుస్తుంది. పంపాపతిని నమ్ముకుంటే ఇంతే అని ఊరంతా అంటుంది. నిజం చెప్పాలంటే, పంపాపతికి తన పేరు కంటే ఆ ముసలాయన మొహమే ఎక్కువ గుర్తొచ్చేది.

పోనీ, ఇద్దరూ వేళకు వచ్చి వేళకు పోతారా అంటే, అదీ లేదు. సారు పదకొండింటి బస్సు వదిలేసి పన్నెండింటి బస్సుకు రావడం మొదలుపెట్టాడు. ఒంటిగంటకు వచ్చే జయతీర్థ పన్నెండున్నరకే తయారయ్యేవాడు. వీళ్ళను విడదీసి పెట్టడానికి పంపాపతి పడ్డ పాట్లు ఆ పరమాత్ముడికే ఎరుక.

"జయన్నా, ఇప్పుడు పోకు. హుచ్చమ్మ ఇంట్ల పాము జొచ్చింది," అన్నాడొక రోజు.

"పామా? మరి లోపల రొట్టె కొడుతున్న సప్పుడొస్తున్నది గద పంపన్నా?"

"పామును కొడుతున్నరు."

ఇంకొక రోజు సారు బల్ల మీంచి లేవకుండా మజ్జిగ మీద మజ్జిగ తాగుతూ కూర్చున్నాడు. పంపాపతి తలుపు బయటనుంచే, "సార్, మీ మఠం మేనేజరు బస్సు దిగుతున్నడు!" అని కేకేశాడు. సారు వెనక తలుపు గుండా బయటపడ్డాడు. అప్పుడప్పుడు సారు పాన్ కట్టించుకునే మిషతో, "మధ్యాహ్నం పూట ఇక్కడికి ఎవరెవరు వస్తరయ్యా?" అని అడిగేవాడు. "నాకు కండ్లుండవు, నోరుండదు సార్," అనేవాడు పంపాపతి గర్వంగా. సారు మొహం అదోలా అయ్యేది. జయతీర్థ కూడా, "పొద్దున పూట మా గల్లీ వాళ్ళు ఎవరన్న వస్తరా?" అని అడిగేవాడు. వాడికీ అదే జవాబు, వాడి మొహమూ అదోలానే అయ్యేది. భయం తీరితే మొహాలు అట్లాగే అవుతాయని పంపాపతి అనుకున్నాడు. సుమంగళ చీరే వంకాయ తొడిమె గొప్పలు పంపాపతి చెప్పినప్పుడు మాత్రం సారుకు ఎందుకో పొలమారేది.

వ్రతం నెల చివరికొచ్చింది. ఇంకొన్నాళ్ళు గడిస్తే ఈ తండ్రీకొడుకుల గండం గడిచినట్టేనని పంపాపతి ఊపిరి పీల్చుకుంటున్నాడు. ఆ రోజు బుధవారం కాదు. పొద్దున్నే ఆటో ఆగింది, రామాబాయి దిగింది.

"ఈ గెల ఎంతకిస్తవు?" అంది.

"అమ్మా, ఎన్ని పండ్లు గావాలె?"

"పండ్లు గాదు, గెల గావాలె. మొత్తం."

పంపాపతి గతుక్కుమన్నాడు. "మొత్తమా? ఏం పూజ ఉన్నదమ్మా?"

"పెద్ద పూజనే," అంది రామాబాయి. డబ్బులు బల్ల మీద పెట్టింది. ఆటోవాడు గెల ఎత్తుకెళ్ళి బండిలో పెట్టాడు. అంత పెద్ద బేరం పొద్దున్నే తగిలితే ఏ దుకాణదారుడు కాదంటాడు? ఆటో కదిలి వీధిలోకి మలుపు తిరిగాక గాని పంపాపతికి చూరు వైపు చూడాలని తోచలేదు. రెండు కొక్కేలూ బోసిగా కనబడ్డాయి.

పండ్ల బండి సాయంత్రానికి గాని రాదు. పంపాపతి రోడ్డువైపు కొక్కేనికి తన ఎర్ర తువ్వాలు తగిలించి చూశాడు. అది చూసి ఒకాయన వచ్చి, "తువ్వాలు ఎంత?" అని అడిగాడు. ఇట్లా తంటాలు పడుతుండగానే పన్నెండింటి బస్సొచ్చింది. సారు దిగి, ఖాళీ కొక్కేలు చూసి, ఆగకుండా నేరుగా లోపలికి నడిచాడు. ఆయన లోపలికి పోయాడో లేదో, జయతీర్థ మోటారు సైకిలు వచ్చి డబ్బా ముందు ఆగింది.

"జయన్నా! జర ఆగు, మంచి బనారస్ పాన్ కట్టిస్త," అన్నాడు పంపాపతి, గబగబా ఆకు తీస్తూ.

"తిన్నంక వేసుకుంట."

"తినకముందు వేసుకుంటె ఆకలి పెరుగుతది."

"ఉన్న ఆకలి చాలు పంపన్నా." జయతీర్థ చూరు వైపు చూసి నవ్వాడు. "గెల లేదు గద ఇయ్యాల. ఇంకేం అడ్డం?"

వాడు బండి స్టాండు వేసేలోగా పంపాపతి డబ్బా వెనక్కు దూకాడు. వెనకసందులో పడి పరుగెత్తాడు. ఆ సందు తన ఇంటి వెనక తలుపుకూ హుచ్చమ్మ వెనక తలుపుకూ మధ్య ఉంది. అందులో గడ్డి మొలవకుండా నున్నగా కాలిబాట పడి ఉండడం ఆయన చూశాడు. ఎవరు ఇంతగా నడుస్తారిక్కడ అన్న ఆలోచన వచ్చింది గాని, ఆలోచించే తీరిక ఎక్కడిది? వెనక తలుపు తోసుకుని, ఇన్నేళ్ళ కట్టుబాటు తెంచుకుని, మొట్టమొదటిసారి ఖానావళి లోపల కాలుపెట్టాడు.

"సార్! లేవుండ్రి! మీ కొడుకొస్తున్నడు!"

వాదిరాజ్ సారు మూల బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో వంకాయ ఉంది. లేవలేదు.

"తింటున్నోన్ని లేపొద్దు పంపాపతీ, పాపం."

"సార్, ఆ పిండిసంచుల వెనక దాక్కోండ్రి! మీ కాలు మొక్కుత!"

"యప్పా, నా పిండిసంచుల జోలికి రావద్దు," అంది పొయ్యి దగ్గర్నుంచి హుచ్చమ్మ. ఖానావళి నడిపే ఈ ముసలామె రొట్టె కొడుతూ తల కూడా ఎత్తలేదు.

అంతలో ముందు తలుపు తెరుచుకుంది. జయతీర్థ గుమ్మంలో నిలబడిపోయాడు. హుచ్చమ్మ చేతిలో రొట్టె చప్పుడు ఆగింది. పంపాపతి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఏడాది నాటి మాట, మఠం వాకిలి, మిర్చిబజ్జీ, అన్నీ ఇప్పుడు ఈ గదిలో పేలబోతున్నాయి.

ఏదీ పేలలేదు. ఒక కన్ను తెరిచి చూశాడు.

"జయా," అన్నాడు సారు. "నా ఇంట్ల నీకు పీట లేదని నలుగుర్ల అన్న. అన్నమాట అన్నదే. నేను మాట తప్పేటోన్ని గాదు."

జయతీర్థ తల వంచుకున్నాడు.

"కాని ఇది నా ఇల్లు గాదు," అన్నాడు సారు. "ఇది పీట గూడ గాదు. హుచ్చమ్మ బల్ల. కూసో."

ఆ మాట అని, ఆయన బల్ల మీద పక్కకు జరిగాడు. జయతీర్థ వచ్చి కూర్చున్నాడు. హుచ్చమ్మ కంచం పెట్టి, వేడి రొట్టె వేసింది. వాడు రొట్టె తుంచలేదు, తండ్రి కంచంలోకే చూస్తూ ఉండిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, మూతి మీద నవ్వు ఆగడం లేదు.

"నాన్నా, వ్రతం..."

"వ్రతం సంగతి నేను, ఆ స్వామి చూసుకుంటం. నువ్వు తిను. సల్లారితే రొట్టె బిగుస్తది."

పంపాపతి అయోమయంగా ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. "సార్, మీకు కోపం లేదా?"

"ఉన్నది," అన్నాడు సారు. "నీ మీద."

"నా మీదనా?"

"మొదటిరోజు నేను వంకాయకొచ్చిననా? కొడుకు ఇల్లు ఏదని అడుగుదామని నిలబడ్డ. అడగనిస్తివా? చెప్పకుండ్రి, చెప్పకుండ్రి అనుకుంట ఖానావళిల తోస్తివి. తోస్తె తోస్తివి, వంకాయ బాగున్నది, కాదనను. ఒంటిగంటకు వీడు ఈ బల్ల మీదనే తింటడని హుచ్చమ్మ చెప్పింది. బస్సు మార్చుకొని వస్తె మఠం మేనేజరంటివి."

"నాన్న పొద్దున వస్తున్నడని నాకు గూడ హుచ్చమ్మనే చెప్పింది," అన్నాడు జయతీర్థ. "ఎదురుపడదామని తొందరగ వస్తె పామంటివి. ఎన్నిసార్లు వచ్చిన నేను!"

పంపాపతి హుచ్చమ్మ వైపు తిరిగాడు. "చెప్పినవా? అందరికి అందరి సంగతి చెప్పినవా?"

"నా నోట్ల నువ్వుగింజ నానదని ఈ క్రాసుల కుక్కలకు గూడ తెలుసు పంప్యా," అంది హుచ్చమ్మ. "నీకే తెల్వది. నువ్వు ఎన్నడన్న లోపలికొచ్చినవా?"

"మరి అంత తెలిసినంక, నేరుగ ఇంటికే పోవచ్చు గద సార్!"

"ఇంటికి పోతె నేను మాట తప్పినట్టు," అన్నాడు సారు, లెక్క తెలియని పిల్లాడికి చెప్పినట్టు. "దారిల కలిస్తె దేవుడు కలిపినట్టు. ఆ దేవుని చెయ్యి పట్టుకొని ఆపితివి గదయ్యా, నెల దినాల సంది!"

ఊరందరి ఇజ్జతూ తన చూరుకు వేలాడుతోందనుకున్నాడు పంపాపతి ఇన్నాళ్ళూ. తీరా చూస్తే ఊరికంతా అన్నీ తెలుసు, తెలియనిది తనొక్కడికే. అప్పుడే ముందు తలుపు గుండా అరటిగెల లోపలికొచ్చింది. దాని వెనక రామాబాయి వచ్చింది.

"గెల కొంటె గాని కలవలేదు తండ్రీకొడుకులు," అంది, బల్ల మీద గెల దించి. మొగుడి కంచం వైపు చూసింది. సారు కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"దాయకుండ్రి. హుచ్చమ్మ నాకు గూడ చెప్పలేదా? నేను గూడ తిన్న, బుధవారం బుధవారం. ఏం, నాకు మాత్రం నాలిక లేదా?" అని, కొడుకు తల మీద చెయ్యి వేసి, కాసేపు అట్లాగే ఉంచింది. తర్వాత పంపాపతిని చూసింది. "పాపం, ఈయన మొహం జూడండ్రి. హుచ్చమ్మా, ఈయనకు గూడ కంచం పెట్టు."

"నేను బయట తినను అమ్మా," అన్నాడు పంపాపతి నీరసంగా. "ఒంటిగంటకు సుమంగళ డబ్బ వస్తది."

"ఒక్క వంకాయ తిను. నెల దినాలు మా ఇంటిని కాపాడినవు, ఉట్టిగ పోతవా?"

హుచ్చమ్మ ఎందుకో కంచం తేవడానికి వెనకాడింది. రామాబాయి మళ్ళీ కసిరితే తెచ్చిపెట్టి, చప్పున పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. కంచంలో రొట్టె ఉంది, పక్కన వంకాయ ఉంది. వంకాయ తొడిమె నాలుగు పక్కలకూ చీరి ఉంది.

పంపాపతి కొంచెం తుంచి నోట్లో పెట్టుకున్నాడు. గురెళ్ళ పొడి, ఎండుకొబ్బరి, చివర్న నాలిక మీద మిగిలే చిన్న బెల్లం తీపి. రోజూ ఒంటిగంటకు తను కళ్ళు మూసుకుని తినే రుచి. మెల్లగా తల ఎత్తి చుట్టూ చూశాడు. పొయ్యి పక్క గూట్లో, మూతకు సొట్టపడ్డ స్టీలుడబ్బా ఒకటి నింపి సిద్ధంగా పెట్టి ఉంది.

సారు మజ్జిగలోకి చూస్తున్నాడు. జయతీర్థ రొట్టెలోకి చూస్తున్నాడు. ఊళ్ళో అందరి సంగతీ అందరికీ చెప్పే హుచ్చమ్మ, జన్మలో మొదటిసారి నోరు మూసుకుని పొయ్యి ఊదుతోంది. బయట తినేవాళ్ళకు ఇంట్లో ఏదో కొదవ ఉంటుందని తను చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటే పంపాపతికి గుర్తొచ్చాయి. చెవులు ఎర్రబడ్డాయి. ముందు కోపం వచ్చింది. ఆ వెనకే, శ్రావణం జాకెట్ల గుట్ట పక్కన అర్ధరాత్రి దాకా మిషను తొక్కే సుమంగళ పాదాలు గుర్తొచ్చాయి. కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"ఎట్లున్నది పంపన్నా?" అని చిన్నగా అడిగాడు జయతీర్థ.

"బాగున్నది," అన్నాడు పంపాపతి. కంచంలో వంకాయ మొత్తం తిన్నాడు, తొడిమెతో సహా. "కాని మా సుమంగళ చేతిది వేరే."

అని లేచి చెయ్యి కడుక్కుని, ముందు తలుపు గుండా బయటికి నడిచాడు. వెనక తలుపు వైపు చూడలేదు.

ఒంటిగంటకు సుమంగళ డబ్బా తెచ్చింది. "వంకాయ చేసిన. వేడి మీద తిను," అంది, మెడలో టేపు ఇంకా అట్లాగే వేలాడుతుండగా. పంపాపతి ఆమె ఎదురుగానే కూర్చుని, కడుపు నిండి ఉన్నా, మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

"ఎట్లున్నది?"

"నీ చెయ్యి ఎవరికి రాదు," అన్నాడు. సుమంగళ ఖాళీడబ్బా పట్టుకుని సంతోషంగా వెళ్ళిపోయింది.

సాయంత్రం పండ్ల బండి వచ్చింది. పంపాపతి ఈసారి రెండు గెలలు కొన్నాడు. ఒకటి ఎప్పటి కొక్కేనికి తగిలించాడు. తర్వాత సుత్తి తీసుకుని డబ్బా వెనక వైపుకు వెళ్ళి, సందులోకి కనబడేలా మూడో కొక్కెం కొట్టి, దానికి రెండోది వేలాడదీశాడు. సుమంగళ కిటికీలోంచి అది చూసి, ఇక్కడెందుకు గెల అని అడిగింది.

"ఇది గిట్ల వేలాడుతున్నంతసేపు నేను డబ్బాల కూసోని ఉంటనని," అన్నాడు పంపాపతి. "ఎనక సందుకు రానని."

సుమంగళ అతని మొహం వైపు కాసేపు చూసింది. మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.